మిస్సింగ్ కొడుతున్న కారు: ముందు ఏ సిలిండరో తేల్చండి

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిని. మాది మిర్యాలగూడ. నా కారు 2018 మోడల్, పెట్రోలు బండి, 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్. 68 వేల కిలోమీటర్లు తిరిగింది. నాలుగు నెలలుగా మిస్సింగ్ కొడుతోంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే మొదటి రెండు నిమిషాలు స్టీరింగ్ వణుకుతుంది. చదును రోడ్డు మీద అరవైలో బాగానే వెళ్తుంది. ఏసీ వేసుకుని వంతెన ఎక్కితే కుదుపులు. మొన్న కుటుంబంతో తిరుమల వెళ్లినప్పుడు ఘాట్ రోడ్డులో పికప్ పూర్తిగా పడిపోయింది. ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంది. ఎలాగో పైకి చేరాం. మా ఊరి మెకానిక్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చి, ఇంజెక్టర్లు శుభ్రం చేసి 6,800 రూపాయలు తీసుకున్నాడు. వారం పది రోజులు బాగుంది, తర్వాత మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు పెట్రోలు పంపు మార్చాలంటున్నాడు, తొమ్మిది వేలట. ఇంకొకాయన బోరు పోయిందన్నాడు, అంటే సిలిండరు లోపలి గోడ అరిగిందట. మా బావమరిది ఇదంతా ఇథనాల్ పెట్రోలు వల్లేనంటాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం: మాస్టారూ, ప్రస్తుతానికి ముగ్గురి మాటా పక్కన పెట్టండి. వారిలో ఒకరు చెప్పిందే చివరికి నిజం కావచ్చు. అయితే ముగ్గురూ పరీక్ష పెట్టకుండానే మార్కులు వేశారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివి ఒక్క అంకె కోసం వెతికాను. నాలుగు సిలిండర్లలో ఏది సరిగా పని చేయడం లేదు? ఆ అంకె మీ ఉత్తరంలో లేదు, మీ మెకానిక్ బిల్లులోనూ ఉండి ఉండదు. అది తెలియకుండా సామాను కొనడమంటే చీకట్లో రాయి విసరడమే. తగిలితే మెకానిక్ గొప్ప, తగలకపోతే డబ్బు మీది.

మిస్సింగ్ అంటే ఒక సిలిండరులో జరగాల్సిన మంట ఆ వంతుకు జరగకపోవడం. ఇంజిన్ మూడు వేల ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో సిలిండరు సెకనుకు 25 సార్లు మండాలి, నాలుగూ కలిపి వంద. అందులో ఒక సిలిండరు ఎగ్గొడితే పావు వంతు శక్తి పోవడమే కాదు, మండని ఆ పిస్టన్‌ను కూడా మిగతా మూడే మోసుకు తిరగాలి. మంట జరగాలంటే గాలి, పెట్రోలు తగుపాళ్లలో రావాలి, వాటిని గట్టిగా నొక్కాలి, సరైన క్షణంలో నిప్పురవ్వ పడాలి. వీటిలో ఏది తప్పినా బయటకు కనిపించేది ఒకటే కుదుపు. అందుకే కుదుపును చూసి సామాను పేరు చెప్పేవాణ్ణి నేను నమ్మను.

అయినా మీ ఉత్తరంలో మంచి ఆధారాలే ఉన్నాయి. చదునులో బాగుంది, ఎక్కుడులో కుదుపు, ఏసీ వేస్తే మరింత ఎక్కువ. చదును రోడ్డు మీద యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆనకుండా ఉంటుంది, సిలిండరులోకి కొద్దిపాటి గాలే వెళ్తుంది. ఘాట్‌లో కాలు దిగ్గొడతారు, సిలిండరు నిండుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ చిక్కటి గాలిని చీల్చుకుని ప్లగ్గు కొసన ఒక మిల్లీమీటరు సందు దాటడం నిప్పురవ్వకు కష్టమవుతుంది. బ్యాటరీలోని 12 వోల్టులను కాయిల్ వేల వోల్టులకు పెంచుతుంది. అవసరమైతే పాతిక, ముప్ఫై వేల దాకా పంపుతుంది. అంత ఒత్తిడితో వచ్చిన కరెంటు దారి కాస్త కష్టమనిపిస్తే వేరే దారి చూసుకుంటుంది. నీరు పల్లమెరుగు అంటారే, అదే తీరు. కాయిల్ కింద ప్లగ్గును కప్పి ఉండే రబ్బరు గొట్టంలో వెంట్రుకంత పగులు ఉన్నా చాలు, సందు దాటడం మాని అటునుంచి ఇంజిన్ లోహంలోకి దూకేస్తుంది. లోపల మాత్రం పెట్రోలు మండకుండా మిగిలిపోతుంది.

నా చెవి నిక్కబొడుచుకున్నది ‘వారం పది రోజులు బాగుంది’ అన్న మాట దగ్గర. ప్లగ్గులు పాతబడేకొద్దీ కొసలు అరిగి సందు పెరుగుతుంది, దాటడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, ఆ ఒత్తిడికి రబ్బరు గొట్టం లోపలి గోడ కాలుతుంది. మీ మెకానిక్ కొత్త ప్లగ్గులు పెట్టి, వాటి మీద ఆ కాలిన రబ్బర్లే తిరిగి తొడిగి ఉంటాడు. కొత్త ప్లగ్గుకు సందు తక్కువ, పింగాణీ శుభ్రం, కాబట్టి కొన్నాళ్లు సజావుగా నడిచింది. తర్వాత పాత రబ్బరులోని కాలిన గీత కొత్త పింగాణీ మీదా గీత గీసింది. ఇది నా అనుమానం మాత్రమే, కళ్లతో చూస్తే తేలిపోతుంది. ప్లగ్గు తీసి పగటి వెలుగులో తిప్పండి. తెల్లటి పింగాణీ మీద పైనుంచి కింది లోహం దాకా పెన్సిలుతో గీసినట్టు సన్నటి నల్ల గీత ఉందా? గోటితో గీకినా పోదు. రబ్బరు గొట్టాన్ని టార్చి వేసి చూస్తే లోపల దానికి జోడీగా ఒక కాలిన గీత కనిపిస్తుంది. దొరికితే దొంగ దొరికినట్టే. పింగాణీ అడుగున లోహం అంచు చుట్టూ గోధుమ రంగు ఉంగరం లాంటి మరక ఉంటే మాత్రం కంగారు పడకండి, అది హాని చేయదు. దాన్ని చూపించి ప్లగ్గులు అమ్మేవాళ్లున్నారు.

అదే సమయంలో ప్లగ్గు దిగే గుంటలోకి కూడా చూడండి. అడుగున నూనె నిలిచి ఉంటే, ట్యాపెట్ కవర్ గాస్కెట్‌తో పాటు ఉండే ప్లగ్గు సీలు కారుతోందని అర్థం. నూనెలో నానిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, కొత్త కాయిల్ పెట్టినా కొన్ని నెలలకు అదే కథ. ముందు సీలు, తర్వాత కాయిల్.

ఇక ఆ అంకె సంగతి. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర స్కానర్ తగిలించే సాకెట్టు ఒకటి ఉంటుంది. మీది బీఎస్-4 కాలుష్య నిబంధనల కాలం నాటి కారు కాబట్టి, ఏ సిలిండరు ఎగ్గొడుతోందో గుర్తించి రాసి పెట్టుకునే ఏర్పాటు కూడా కంప్యూటర్‌లో ఉంటుంది. ప్రతి మంటకూ క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, కొద్దిగా వేగం పుంజుకోవాలి, ఒక వంతులో పుంజుకోకపోతే ఆ వంతు ఎవరిదో లెక్క వేసుకుంటుంది, తరగతిలో హాజరు పట్టీలా. స్కానర్ పెడితే పీ-0301 నుంచి పీ-0304 దాకా ఏదో ఒక కోడు వస్తుంది, చివరి అంకె సిలిండరుది. పీ-0300 వస్తే ఫలానా సిలిండరని తేల్చలేకపోయిందని అర్థం. ఫోనుకు కలిపే చిన్న స్కానర్లు వెయ్యి రూపాయల లోపే దొరుకుతున్నాయి, పంపు కోసం దాచిన తొమ్మిది వేలలో ఇదొక్కటి ఖర్చు పెట్టండి. గారేజీలో స్కాన్ చేయిస్తే మాత్రం కోడు చెరిపేయకముందే కాగితం మీద రాసిమ్మనండి. చాలామంది ముందు చెరిపేసి, ఆ తర్వాత ఆలోచిస్తారు.

రెండో సిలిండరు కోడు వచ్చిందనుకుందాం. ఇప్పుడు చేయాల్సిన పనికి పైసా ఖర్చు లేదు. ఇంజిన్ చల్లారాక, తాళం చెవి తీసేసి, రెండో సిలిండరు కాయిల్‌ను నాలుగో దాని మీద, నాలుగో దాన్ని రెండో దాని మీద పెట్టండి. ఒక్కో కాయిల్‌కు సాధారణంగా ఒక బోల్టు, ఒక కనెక్టరు ఉంటాయి. కాయిల్‌ను కొద్దిగా తిప్పుతూ నిట్టనిలువుగా పైకి లాగాలి, రబ్బరు కింద ఉండిపోకుండా చూసుకోవాలి. కోడు చెరిపి, మిస్సింగ్ వచ్చే రోడ్డు మీదే నడపండి. మళ్లీ స్కాన్ చేస్తే పీ-0304 వచ్చిందా? జబ్బు కాయిల్‌తో పాటు కదిలిందన్నమాట, దోషి ఆ కాయిల్ లేదా దాని రబ్బరే. పీ-0302 అక్కడే ఉంటే ప్లగ్గులు అలాగే అటూ ఇటూ మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు, దాని వైరు, ఆ తర్వాత కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి నొక్కుడు, చూడాలి. కొన్ని ఇంజిన్లలో రెండు సిలిండర్లకు ఒకే కాయిల్ ఉంటుంది, ఒకటీ నాలుగూ ఒక జంట, రెండూ మూడూ ఇంకొకటి. అలాంటి కారులో జంట సిలిండర్లు రెండూ ఒకేసారి మొరాయిస్తే కాయిల్ వైపు వేలు చూపవచ్చు.

పాత మెకానిక్కులు ఇంజిన్ నడుస్తుండగానే ప్లగ్గు వైరు పీకి, శబ్దం మారిందా లేదా అని వినేవారు. కార్బురేటర్ కార్ల కాలంలో నేనూ చేశాను, చేతికి షాకులూ తిన్నాను. మీ కారులో ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. పోవడానికి దారి లేని వోల్టేజి కాయిల్‌ను, ఒక్కోసారి కంప్యూటర్‌నూ తినేస్తుంది. మండని పెట్రోలు సైలెన్సర్ వైపు పోతుంది. అవసరమైతే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఐడిల్‌లో నడుస్తుండగా ఇంజెక్టరు కనెక్టరును ఒక్కొక్కటిగా తీసి పెట్టవచ్చు. తీయగానే ఇంజిన్ వణికి వేగం తగ్గితే ఆ సిలిండరు పని చేస్తున్నట్టు. తీసినా తేడా లేకపోతే అది అంతకుముందే చేతులెత్తేసింది.

పొద్దుటి వణుకు ఒక్కటే నన్ను కాస్త ఆలోచింపజేస్తోంది. కాయిల్ బలహీనంగా ఉన్నా, రబ్బరుకు చెమ్మ పట్టినా అలా జరుగుతుంది. కానీ సిలిండర్లకూ వాటి పైమూతకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ సన్నగా కారుతుంటే రాత్రంతా కూలెంట్ చుక్కలుగా సిలిండరులోకి దిగి, ఉదయం మొదటి నిమిషాల్లోనే వణుకు పుట్టిస్తుంది. రేపే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కూలెంట్ డబ్బా మీద ఎంతవరకు ఉందో గుర్తు పెట్టండి. రెండు వారాల తర్వాత చూడండి. తగ్గకపోతే ఈ భయం తీసేయండి. తగ్గితే మిగతా పనులన్నీ ఆపి దీని సంగతి చూడండి.

పెట్రోలు పంపు మాటకొస్తే, అది ఒక సిలిండరుకు పోసి ఇంకొకదానికి మానదు. పంపు నీరసిస్తే నాలుగూ ఆకలితో మాడతాయి. బండి కుదపడం కంటే ఎక్కువగా సాగదు. ఎంత తొక్కినా స్పందన ఉండదు. మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని చెప్పే పీ-0171 కోడు తోడు వస్తుంది. ఇలాంటి ఇంజిన్లలో ఇంధన ఒత్తిడి మూడు, నాలుగు బార్ల మధ్య ఉంటుంది, మీ కారుకు ఎంత ఉండాలో సర్వీసు పుస్తకంలో ఉంటుంది. గేజి పెట్టి, బండిని బరువు మీద నడిపినప్పుడు ఆ అంకె నిలబడుతుందో లేదో చూడటమే పంపుకు పరీక్ష. మీ మెకానిక్‌ను ఒక్కటే అడగండి: గేజి పెట్టి చూశారా, ఎంత వచ్చింది? జవాబుగా అంకె వస్తే పంపు మార్పించండి. ‘మా అనుభవంలో ఇదేనండీ’ అని వస్తే వద్దు. ఎప్పుడూ రిజర్వులోనే నడిపే అలవాటుంటే అది మానుకోండి, ట్యాంకులోని పంపుకు చల్లదనం ఇచ్చేది చుట్టూ ఉన్న పెట్రోలే.

ఈ అనుభవం మాటకు నేనే ఒకప్పుడు మూల్యం చెల్లించాను. పని నేర్చుకున్న తొలి ఏళ్లలో ఒక డాక్టరుగారి కారుకు సరిగ్గా మీ లక్షణాలే. అంతకుముందు వారం ఇలాంటి బండికి పంపు మారిస్తే బాగయింది. ఆ ధీమాతో ఈయనదీ మార్చేశాను. బండి అలాగే కుదిపింది. సిగ్గుపడి మళ్లీ బానెట్ ఎత్తితే మూడో ప్లగ్గు పింగాణీ అడ్డంగా చిట్లి ఉంది, ఎవరో సాకెట్టు ఏటవాలుగా పెట్టి బిగించారు. ఆ ఎవరో నేనే, రెండు నెలల క్రితం. పంపు డబ్బు నా జీతంలోంచే పోయింది.

మీ బావమరిదిగారి వాదనలో కొంత నిజం ఉంది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 నుంచి బంకుల్లోకి వచ్చింది. లీటరుకు లెక్కేస్తే ఇథనాల్‌లో పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు శక్తి తక్కువ, కాబట్టి మైలేజీ కొంత పడిపోతుంది. మీ 2018 కారును దానికోసం తయారు చేయలేదు కనుక, రబ్బరు గొట్టాలు, సీళ్లు కారుతున్నాయేమో సర్వీసు చేయించినప్పుడల్లా చూపించుకోవాలి. కానీ ఇథనాల్ ఒక్క సిలిండరును ఎంచుకుని కొట్టదు, ప్లగ్గులు మారిస్తే పది రోజులు సెలవూ తీసుకోదు. బంకులో పోయించుకున్న రోజే జబ్బు మొదలై ఉంటే మాత్రం నీళ్లు కలిశాయేమోనని చూడాలి. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, హద్దు దాటితే ఆ రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పంపు పీల్చేది అడుగు నుంచే. మెకానిక్ చేత ట్యాంకు అడుగునుంచి కొంచెం గాజు సీసాలోకి తీయించి, నిప్పుకు దూరంగా కాసేపు కదపకుండా ఉంచితే రెండు పొరలుగా విడిపోవడం కంటికే కనిపిస్తుంది.

బోరు పోయిందన్నాయన దగ్గర కంప్రెషన్ గేజి ఉందా? అరగంట పని. నాలుగు ప్లగ్గులూ తీసి, పెట్రోలు, కాయిల్ కనెక్షన్లు ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ఒక్కో సిలిండరుకు స్టార్టర్ తిప్పి చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో సాధారణంగా 150 నుంచి 200 పీఎస్ఐ వస్తుంది. నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా లేదా అన్నది ఆ అంకె కంటే ముఖ్యం. ఒకటి మిగతా వాటికంటే బాగా తక్కువగా వస్తే, అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండు పడిపోతే ఆ మధ్య హెడ్ గాస్కెట్. 68 వేలకే, పొగ లేకుండా, ఆయిల్ తాగకుండా బోరు పోవడం అరుదు. మీరు పొగ మాట రాయలేదు కనుక లేదనే అనుకుంటున్నాను.

చూడటానికి ఖర్చు లేని చోటు ఇంకొకటి ఉంది, ఎలుకలు. కారు ఇంటి ముందు రాత్రంతా నిలబెడితే, ఇంజెక్టరు వైరో సన్నటి వాక్యూమ్ గొట్టమో కొరికి పెట్టి ఉండవచ్చు. బానెట్ కింద పెంటికలు, గడ్డి, పప్పు గింజలు కనిపిస్తే ప్రతి వైరునూ వేలితో తడుముతూ చివరి దాకా వెళ్లండి. పైతొడుగు బాగున్నట్టే కనిపించి లోపలి రాగి తెగి ఉంటుంది.

అసలు మిస్సింగే లేకుండా పికప్ మాత్రమే పోతే దారి వేరు. ఇంజిన్ వేగం పెరుగుతూ బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. కాసేపు నడిపి ఆపితే ఒక చక్రం మిగతా వాటికంటే వేడిగా ఉంటే బ్రేకు పట్టేస్తోంది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. తిరుమల సముద్రమట్టానికి 850 మీటర్లకు పైన ఉంది. గాలి పలచబడి అక్కడ మీ ఇంజిన్ ఎనిమిది తొమ్మిది శాతం శక్తిని ఎలాగూ కోల్పోతుంది. అయిదుగురు, సామాను, ఏసీ ఉంటే 1.2 లీటర్ల ఇంజిన్ రెండో గేరు అడగడం జబ్బు కాదు.

కానీ లైటు కొట్టుకోవడం జబ్బే, ఈ విషయంలో మీ మీద నాకు కోపం ఉంది. ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే వీలున్నప్పుడు చూపించుకోమని. ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటే ఇప్పుడే కాలు తీయమని. మండని పెట్రోలు, వాడని గాలి రెండూ సైలెన్సర్ దారిలో ఉండి పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతాయి. లోపలి పింగాణీ తేనెపట్టు ఎర్రగా కాలి, అలాగే నడిపితే కరిగి ముద్దయిపోతుంది. అప్పుడు పొగ బయటికి పోలేదు, కొత్త గాలి లోపలికి రాలేదు, కాయిల్ మార్చినా పికప్ తిరిగి రాదు. దాని ధర ముందు మీ పెట్రోలు పంపు ఎంత! కాయిల్ సంగతి తేలాక కూడా మూడు నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర బండి గొంతు పట్టుకున్నట్టు ఆగిపోతుంటే, చల్లారాక కన్వర్టర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టించండి. లోపల గలగలమంటే తేనెపట్టు విరిగింది. చప్పుడు లేకపోయినా అనుమానం తీరకపోతే, ముందరి ఆక్సిజన్ సెన్సరు తీసి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజి పెట్టి చూడమనండి.

కాయిలే అని తేలితే ఆ ఒక్కటీ కొనండి, రబ్బర్లు మాత్రం నాలుగూ మార్పించండి, నాలుగింటి వయసూ ఒకటే. గీత పడిన కొత్త ప్లగ్గునూ తీసి పారేయాలి, మీకు మనసు ఒప్పకపోయినా. ప్లగ్గు చేత్తో మరలు పట్టించాకే స్పానర్ పెట్టమనండి, ఎంత బిగువో సర్వీసు పుస్తకం చెబుతుంది.

మీ మెకానిక్ తీసేసిన పాత ప్లగ్గులు ఇంకా అతని డబ్బాలో ఉంటాయేమో అడిగి తెచ్చుకోండి. నాలుగింటినీ తెల్ల కాగితం మీద వరసగా పెట్టి, పగటి వెలుగులో ఫోటో తీసి, స్కానర్ చూపిన కోడుతో పాటు పంపండి. ఈలోగా బండిని ఊళ్లో మెల్లగా నడుపుకోవచ్చు, లైటు కొట్టుకోనంతవరకు.